గద్ద బొమ్మ జెండా కొనేముందు డాలర్లు లెక్కపెట్టుకో తమ్ముడూ

డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వచ్చి ఏడాది కాలేదు, అద్దె టౌన్‌హోమ్‌లో ఉంటున్నాడు. 2026 జూలై 4కి అమెరికాకు 250 ఏళ్లు నిండుతున్నాయని వాళ్ల వీధిలో చాలామంది జెండాలు కడుతున్నారట. సగం జెండాల మీద రెక్కలు చాచిన గద్ద, దాని కింద 1776–2026 అని అంకెలు. పిల్లలు మనమూ కడదామని పట్టుబట్టారు. "అన్నా, హెచ్1బీ మీద ఉన్నవాళ్లం కట్టొచ్చా? ఏది కొనాలి? పక్కన మన జెండా పెడితే తప్పవుతుందా?" అని అతని సందేహం.

కట్టొచ్చు తమ్ముడూ, నిక్షేపంగా కట్టొచ్చు. జెండా కట్టేవాడిని వీసా ఏమిటని ఈ దేశంలో ఎవరూ అడగరు. నియమాలు ఎక్కడైనా దొరుకుతాయి, చూసుకో. నేను చెప్పబోయేది మాత్రం చేతి డబ్బు వదిలాక తెలిసినది. ఈ దేశంలో ఇల్లు కొని, అప్పు తీర్చి, ఇద్దరు పిల్లల్ని చదివించాను కాబట్టి ఆ మాత్రం చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను. మీకు ఇప్పుడు జీతాలు బాగున్నాయి, ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే సామాను గుమ్మం ముందుకు వస్తుంది. అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి.

ముందు ఆ పక్షి సంగతి. నా మొదటి ఉద్యోగం ఇల్లినాయ్‌లోని మొలీన్‌లో, మిసిసిపీ నది ఒడ్డున. 2007 చివర్లో వచ్చాను. చలికాలం ముదిరి ఉత్తరాన ఉన్న చెరువులూ ఏర్లూ గడ్డకడితే బాల్డ్ ఈగల్స్, అంటే జెండాల మీది ఆ గద్దలు, అక్కడికి దిగుతాయి. పడవల కోసం కట్టిన లాకులు, ఆనకట్టల దిగువన నీళ్లు ఉరవడిగా పారుతుంటాయి కాబట్టి గడ్డకట్టవు, చేపలు దొరుకుతాయి. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్తే ఆకులు రాలిన కాటన్‌వుడ్ చెట్టు మీద వరసగా కూర్చుని ఉన్నాయి. పెద్దవాటికి తల తెల్లగా, ఒళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పిల్లలకు నాలుగైదేళ్లు వచ్చేదాకా తల తెల్లబడదు, అందుకే కొన్నింటిని చూసి వేరే జాతేమో అనుకున్నాను. మా ఊళ్లో చెరువు మీద తిరిగే గరుడ పక్షికీ తల, రొమ్ము తెల్లగానే ఉంటాయి. అది కనపడగానే మా నాయనమ్మ చెంపలు వేసుకునేది. నా చేతులు కూడా వాటంతటవే జోడించుకున్నాయి.

చెట్టు కింద మంచు మీద ఒక ఈక పడి ఉంది. జానెడున్నర పొడవు, మొదట్లో తెల్లటి గట్టి కాడ, అంచులు నల్లగా మెరుస్తూ ఉన్నాయి. కోటు లోపల పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యేదే బట్ట మీద గరుత్మంతుడి బొమ్మ వేసి ధ్వజస్తంభానికి ఎక్కించడంతో కదా. అందుకని వెంకటేశ్వరస్వామి పటం పక్కనే పెట్టాను.

వారం తర్వాత ఆఫీసులో నాతో పనిచేసే అమెరికన్ భోజనానికి వచ్చాడు. ఆ ఈకను చూసి ప్లేటు పక్కన పెట్టేశాడు. "ఇది ఎక్కడిది? కొన్నావా, దొరికిందా?" అని అడిగాడు. దొరికినా సరే, ఇంట్లో ఉంచుకోవడం ఫెడరల్ నేరమన్నాడు. 1940లో చేసిన చట్టం అది. ఈక, గుడ్డు, గోరు, గూడు, ఏదీ ముట్టకూడదు. మొదటి తప్పుకే లక్ష డాలర్ల దాకా ఫైన్, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లక్ష డాలర్లు! నా జీతాన్ని ఎన్ని రకాలుగా కూడినా అంత రాదు. నాన్న తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇంకా అలాగే ఉంది, కేసు పడితే వీసా ఏమవుతుందో తెలియదు. తెల్లవారకముందే వెళ్లి ఎక్కడ తీశానో అక్కడే పెట్టి వచ్చాను. ఎవరూ అడగలేదు, ఏ ఉత్తరమూ రాలేదు. అయినా ఆ టెన్షన్ నెల రోజులు వదల్లేదు. చనిపోయిన ఈగల్స్‌నీ, రాలిన ఈకలనూ ప్రభుత్వం కొలరాడోలోని నేషనల్ ఈగల్ రిపాజిటరీకి చేర్చి, అక్కడి నుంచి ఆదివాసీ తెగలవారికి వాళ్ల పూజల కోసం ఇస్తుందని తర్వాత తెలిసింది. వాళ్లకు అది మనకు గరుత్మంతుడంత పవిత్రం. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తే ఏ పక్షి ఈకా తీయొద్దని ముందే చెప్పు. వేరే పక్షుల్లో చాలావాటికి కూడా విడిగా చట్టం ఉంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకని మొదట్లో నాకూ అనిపించింది. 1963లో అలాస్కా, హవాయి కాకుండా మిగతా 48 రాష్ట్రాల్లో లెక్కేస్తే గూడు కట్టిన జంటలు 417 మాత్రమే తేలాయి. డీడీటీ అనే పురుగుమందు నీళ్లలో కలిసి, చేపల్లో చేరి, వాటిని తిన్న ఈగల్స్ గుడ్ల పెంకులు పల్చబడి పొదిగేటప్పుడే పగిలిపోయేవి. 1972లో ఆ మందును నిషేధించారు. 2007లో ఈ పక్షిని అంతరించే జాతుల జాబితా నుంచి తీసేశారు. 2021లో ప్రభుత్వం ఇచ్చిన లెక్కలో జంటలు 71,400కు చేరాయి. జాబితాలోంచి తీసేసినా 1940 చట్టం మాత్రం అలాగే ఉంది. పోగొట్టుకోబోయి నిలబెట్టుకున్న పక్షి కాబట్టే ఇక్కడివాళ్లు దాన్ని జెండా మీద వేసుకుని మురిసిపోతారు. అందులో తప్పేమీ లేదు, నాకూ ఆ పక్షి అంటే గౌరవమే.

ఇక జెండా. టెక్సాస్‌కు మారి సొంత ఇల్లు కొన్న ఏడాది జూలై 4కి ఉత్సాహం పట్టలేక ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. చారలు, నక్షత్రాల మీద అడ్డంగా పెద్ద ఈగల్ తల అచ్చేసి ఉంది. గోడ ఇటుకకు డ్రిల్ పెట్టి బ్రాకెట్ బిగించి కట్టాను. ఎదురింటాయన నేవీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. సాయంత్రం వచ్చి, సంతోషమని చేయి కలిపి, ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. అమెరికా జెండా మీద ఏ బొమ్మా, ఏ అక్షరమూ, ఏ గుర్తూ ఉండకూడదని ఫ్లాగ్ కోడ్‌లో, అంటే జెండా మర్యాదల చట్టంలో, ఉందట. గద్ద జెండా కావాలంటే విడిగా వేరే రంగు బట్ట మీద ఉన్నది కట్టుకోవాలి, చారలూ నక్షత్రాలూ మాత్రం ఖాళీగా ఉంచాలి. ఆ కోడ్ తప్పితే శిక్ష లేదు. జెండాను కాల్చినా శిక్షించడం కుదరదని సుప్రీంకోర్టు 1989లో టెక్సాస్ కేసులోనే చెప్పింది. కానీ సైన్యంలో చేసినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. వాళ్ల పక్కనే కదా మనం బతకాలి.

ఆయన మాటతో డబ్బు పోలేదు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరంతో పోయింది. ఫలానా తేదీలోగా తీసేయమని రాశారు. నేను పట్టించుకోలేదు. జెండా కట్టుకునే హక్కుకు 2006లో చేసిన చట్టం ఉందని ఎవరో చెబితే విని ధైర్యంగా ఊరుకున్నాను. చట్టం ఉన్నమాట నిజమే, అయితే అది కాపాడేది అసలు అమెరికా జెండాను మాత్రమే. టెక్సాస్ చట్టం ఇంకొంచెం ముందుకెళ్లి టెక్సాస్ జెండాకూ, సైనిక దళాల జెండాలకూ హక్కిచ్చింది. గద్ద బొమ్మ జెండా, 250 ఏళ్ల జెండా, ఆటల టీమ్ జెండా, మన మూడు రంగుల జెండా వీటిలో దేని కిందికీ రావు. గడువు దాటింది, ఫైన్ పడింది, దాని మీద ఆలస్య రుసుము, ఆపైన ఇటుకలో కన్నాలు పూడ్చినందుకు మేస్త్రీకి కూలి. జెండా ఖరీదు వీటన్నిటిలో చిన్నది. మొత్తం కలిపితే ఇండియాలో మా నాన్న మందులకు మూడు నెలలు సరిపోయే డబ్బు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగులుతుంది.

నీది అద్దె ఇల్లు కాబట్టి ఇంకో మెలిక ఉంది. ఫైన్ ఉత్తరం ఓనర్‌కు వెళ్తుంది, ఓనర్ లీజు చూపించి నీ డిపాజిట్‌లో కోసుకుంటాడు. అది నీకు ఇల్లు ఖాళీ చేసే రోజు దాకా తెలియకపోవచ్చు.

కొనేదేమిటంటే, మూడడుగులకు ఐదడుగుల నైలాన్ జెండా ఒకటి కొను. నక్షత్రాలు దారంతో కుట్టినవై, చారలు విడివిడిగా కలిపి కుట్టినవై ఉండాలి. పల్చటి పాలిస్టర్ మీద అచ్చేసినవి చవగ్గా వస్తాయి, టెక్సాస్ ఎండకు ఆగస్టు వచ్చేసరికి ఎరుపు గులాబీ రంగుకు తిరుగుతుంది, మళ్లీ కొనాలి. మంచిదైతే మెమోరియల్ డేకి, జూన్ 14 ఫ్లాగ్ డేకి, జూలై 4కి, నవంబర్ 11 వెటరన్స్ డేకి ఏళ్ల తరబడి పనికొస్తుంది. 1776–2026 అని రాసి ఉన్నదాన్ని వచ్చే ఏడాది ఎవరు కడతారు? పిల్లలు మరీ ఏడిస్తే పూలకుండీలో గుచ్చే చిన్నది తీసుకుని ఇంట్లో గోడకు తగిలించు, ఇంకా మంచిది, జూలై 5న కొను, సగం ధరకు వస్తుంది. పొద్దు కుంకాక జెండా దింపాలి, లేదంటే దాని మీద దీపం వెలగాలి. దీపానికి కరెంటు బిల్లు ఎందుకు, రోజూ దింపడం పిల్లలకు అప్పజెప్పు.

మన జెండా కట్టాలంటే ఓనర్‌నీ, హెచ్‌ఓఏనీ ముందుగా అడుగు. సరేనంటే రెండూ వేర్వేరు కర్రలకు, ఒకే ఎత్తులో, ఒకే కొలతలో ఉండాలి. అమెరికా జెండా దాని కుడి పక్కన, అంటే వీధిలోంచి చూసేవాళ్లకు ఎడమ పక్కన ఉండాలి. ఒకే కర్రకు పైనా కిందా కట్టడం రెండు దేశాలకూ మర్యాద కాదు.

పిల్లలకు ఈగల్ గురించి చెప్పడానికి ఏమీ కొనక్కర్లేదు, జేబులో డాలర్ నోటు చాలు. వెనక్కి తిప్పి కుడివైపు చూడమను. 1782 జూన్ 20న ఆమోదించిన గ్రేట్ సీల్, అంటే దేశపు అధికార ముద్ర అది, అప్పటి కాంగ్రెస్ కార్యదర్శి చార్లెస్ థామ్సన్ దానికి తుది రూపం ఇచ్చాడు. ఒక కాలిలో ఆలివ్ కొమ్మ, ఇంకో కాలిలో 13 బాణాలు, రొమ్ము మీద డాలుకు 13 చారలు, తల పైన 13 నక్షత్రాలు, మొదట చేరిన 13 కాలనీలకు గుర్తుగా. తల ఆలివ్ కొమ్మ వైపు తిరిగి ఉంటుంది. అధ్యక్షుడి ముద్రలో ఈగల్ బాణాల వైపు చూసేది, 1945లో ట్రూమన్ దాన్ని కొమ్మ వైపు తిప్పించాడు. 13 చారలు ఎందుకు, 50 నక్షత్రాలు ఎందుకు అన్న ప్రశ్నలు పౌరసత్వ పరీక్షలోనూ అడుగుతారు. రేపు నీకూ పనికొస్తాయి.

ఆఫీసులో ఎవరైనా బెంజమిన్ ఫ్రాంక్లిన్ టర్కీ కోడిని జాతీయ పక్షి చేయమన్నాడని చెబితే తలూపకు. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన అధికారుల సిన్సినాటి సంఘం బిళ్ల మీది బొమ్మ గురించి మాట్లాడుతూ ఈగల్ కంటే టర్కీయే మర్యాదైన పక్షి అన్నాడు, అంతే. ఇంకో విషయం, ముద్ర మీద ఇన్నేళ్లుగా ఉన్నా చట్టప్రకారం జాతీయ పక్షి అయ్యింది 2024 డిసెంబర్‌లోనే.

అసలు పక్షిని చూపించాలనుకుంటే చలికాలంలో షెర్మన్ దగ్గర హాగర్‌మన్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కు వెళ్లండి. లేక్ టెక్సోమా ఒడ్డున ఉంటుంది, ప్రవేశం ఉచితం, ఫ్రిస్కో నుంచి గంట ప్రయాణం. పులిహోర కట్టుకుని వెళ్తే పెట్రోల్ ఖర్చుతో సరిపోతుంది.

జెండా పాతబడితే చెత్తడబ్బాలో వేయకు, పెరట్లో కాల్చకు. ఎండాకాలంలో మంటలు పెట్టొద్దని కౌంటీ ఆంక్షలు పెడుతుంది, దానికీ ఫైన్ ఉంటుంది. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ వాళ్లకు ఇస్తే డబ్బు తీసుకోకుండా పద్ధతిగా దహనం చేస్తారు.

ఈ రాత్రే లీజు కాగితం తీసి ఇంటి బయట ఏం తగిలించొచ్చో రాసిన పేరా చదువు. ఓనర్‌కు ఫోన్ చేయకు, ఈమెయిల్ రాయి, జవాబు కాగితం మీద ఉండాలి. అది వచ్చేదాకా గోడకు డ్రిల్ పెట్టకు.