ఆటోపైలట్‌కు అలవాటుపడిన పైలట్లు చేత్తో విమానం నడపడం మరచిపోతారా?

పూర్తిగా మరచిపోరు గానీ, సాధన లేని నైపుణ్యం మొద్దుబారుతుందన్న మాట నిజమే. ఇందుకు తరచుగా చెప్పే ఉదాహరణ, 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్‌కు వెళుతూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం. సుమారు 35,000 అడుగుల ఎత్తులో, గాలి ఒత్తిడిని బట్టి వేగాన్ని తెలిపే పీటో గొట్టాలలో మంచు స్ఫటికాలు పేరుకొని, వేగం అంకెలకు పొంతన లేకపోవడంతో ఆటోపైలట్ దానంతటదే తప్పుకుంది. ఆ అడ్డంకి నిమిషం కూడా నిలవలేదు. ముక్కు వాలును, ఇంజిన్ శక్తిని అంతకుముందున్నట్లే ఉంచితే సరిపోయేది. అయితే నడుపుతున్న కో-పైలట్ సైడ్‌స్టిక్‌ను (విమానం ముక్కును ఎత్తి దించే చేతికర్రను) వెనక్కి లాగడంతో ముక్కు పైకి లేచి విమానం దాదాపు 38,000 అడుగులకు ఎగబాకి, వేగం కోల్పోయి, రెక్కలు బరువును మోయలేని 'స్టాల్' స్థితిలోకి జారింది. హెచ్చరిక మోగుతున్నా ముక్కు దించకపోవడంతో, ఆటోపైలట్ తప్పుకున్న నాలుగున్నర నిమిషాలలోపే 228 మందితో సముద్రంలో పడిపోయింది.

అంత ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ ఆ పైలట్లకు లేకపోవడాన్ని ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ 2012 నాటి తుది నివేదికలో ఎత్తిచూపింది. మరుసటి ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, అనువైన సమయాల్లో చేత్తో నడపడాన్ని ప్రోత్సహించాలని విమానయాన సంస్థలకు సూచించింది. నా దృష్టిలో చేతుల కంటే ముందు మొద్దుబారేది, అంకెలు చూసి విమానం స్థితిని పోల్చుకునే చురుకుదనం.