చిక్కబడిన చెరువులో ప్రోబయాటిక్ పొడి ఎప్పుడు చల్లాలి?

చేవెళ్ల దగ్గర అరెకరం చెరువులో బొచ్చె, శీలావతి పెంచుతున్నారని, నీరు చిక్కని ఆకుపచ్చగా మారిందని, తెల్లవారుజామున చేపలు పైకి తేలుతున్నాయని, దుకాణంలో ఇచ్చిన ప్రోబయాటిక్ పొడి (మేలుచేసే బాక్టీరియా ఉన్న పొడి) చల్లితే సరిపోతుందా అని మీరు అడిగారు. హైదరాబాద్ శివారులో బోరునీటితో చేపలు పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను. ముందు ఆక్సిజన్ సంగతి చక్కదిద్దండి, పొడి ఆ తరువాత చల్లవచ్చు.

అడుగున పేరుకొన్న మిగులు మేతను, చేపల విసర్జనను బాసిల్లస్ బాక్టీరియా విచ్ఛిన్నం చేస్తుంది. వాటి నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా నైట్రైట్‌గా, దానిని నైట్రోబాక్టర్ అనే బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పనులన్నిటికీ ఆక్సిజన్ కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారేసరికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల క్షారత (నీటిలో ఆమ్లాన్ని అడ్డుకొనే లవణాలు) ఖర్చవుతాయి. కాబట్టి చేపలే ఊపిరి అందక తేలుతున్న చెరువులో, ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) లేకుండా, సాయంత్రం పూట బెల్లం నీళ్లలో పులియబెట్టిన పొడిని పోస్తే, రాత్రికి ఉన్న కొద్ది ఆక్సిజన్‌ను కూడా ఆ జీవులే వాడేసుకుంటాయి. నేను బాగా ఎండ వచ్చాక, ఏరేటర్లు తిరుగుతుండగా మాత్రమే చల్లుతాను. మబ్బు పట్టిన రోజున చల్లను.

మధ్యాహ్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) కూడా తప్పక చూడండి. నీటిని ఆకుపచ్చగా మార్చిన పాచి ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల పీహెచ్ పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిమిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఒక శాతం లోపే ఉంటుంది. అదే 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. ఉదయం పరీక్షలో బాగుందనిపించిన నీటిలోనే మధ్యాహ్నం చేప మేత ముట్టకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇలాంటి సమయంలో ఎవరైనా సున్నం చల్లమన్నా చల్లకండి, పీహెచ్ ఇంకా పెరుగుతుంది.

సరుకు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. బాసిల్లస్ గట్టి పెంకు గల బీజాంశాలుగా (నిద్రాణ రూపంలోకి) మారగలదు కనుక పొడి రూపంలో నిల్వ ఉంటుంది. అమ్మోనియాను మార్చే బాక్టీరియాకు ఆ శక్తి లేదు, అందుచేత అవి పొడిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయన్న మాటను నేను నమ్మను. బ్లీచింగ్ పౌడర్, పొటాషియం పర్మాంగనేట్, అయోడిన్ మందులు మేలుచేసే జీవులను కూడా చంపుతాయి. వాటినీ ప్రోబయాటిక్‌నూ ఒకే వారంలో వాడమని రైతుకు అంటగట్టడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ప్రస్తుతానికి చేపలు తేలడం ఆగేవరకు మేత ఆపండి, రాత్రంతా ఏరేటర్ నడపండి, వీలైతే కొంత పాత నీరు తీసి కొత్త నీరు పెట్టండి. బోరునీటిలో ఆక్సిజన్ తక్కువ కనుక దానిని ఎత్తు నుంచి చిమ్ముతూ పడేలా చూడండి. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా నిలబడ్డాక, ప్యాకెట్ మీద ఎకరాకు రాసిన మోతాదులో సగం మీ చెరువుకు చల్లి, అమ్మోనియాను ఉదయం, మధ్యాహ్నం కొలిచి రాసి పెట్టుకోండి.