పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్ పెడితే "ఎక్స్86-64 సీపీయూ కావాలి, ఐ686 మాత్రమే కనిపించింది" అని ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రాసెసర్ 32-బిట్‌ది (ఐ686 అంటే అదే), పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది 64-బిట్ (ఎక్స్86-64) లైనక్స్, అందుకే ఆగిపోతోంది.

64-బిట్ కెర్నల్‌లోని (లైనక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) ఆదేశాలు 32-బిట్ చిప్‌కు అర్థం కావు. కాబట్టి బూట్ మొదట్లోనే ప్రాసెసర్‌ను పరీక్షించి, పనికిరాదని తేలితే ఆ ఒక్క లైను చూపించి ఊరుకుంటుంది. ఉబుంటు 17.10 నుంచి 32-బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాల్ ఫైల్) ఇవ్వడం మానేసింది. మరో లైనక్స్ అయిన డెబియన్‌లో 12వ వెర్షన్‌కు ఇంకా 32-బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 13కు లేదు. ఇలాంటి మెషీన్‌కు డెబియన్ 12 తేలికైన దారి; డెస్క్‌టాప్‌గా బరువైన గ్నోమ్ జోలికి పోకుండా తేలికైన ఎల్ఎక్స్‌డీఈ పెట్టుకోండి.

పేర్లు చూసి మోసపోవడం తేలిక. 2006లోనే వచ్చిన కోర్ డ్యుయో, కోర్ 2 డ్యుయో రెండూ స్టిక్కర్ మీద దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది 32-బిట్, రెండోది 64-బిట్. మధ్యలో ఉన్న ఆ '2' అంకే తేడా అంతా.

చాలామంది "ఇందులో 32-బిట్ విండోస్ ఉండేది, కాబట్టి ప్రాసెసర్ కూడా 32-బిట్టే" అనుకుంటారు. అది తప్పు. 64-బిట్ చిప్ మీద 32-బిట్ విండోస్ వేసి అమ్మిన మెషీన్లు బోలెడు. ఏదైనా 32-బిట్ లైవ్ లైనక్స్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది) బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొట్టండి. ఫ్లాగ్స్ (Flags) వరుసలో 'ఎల్ఎమ్' (lm) కనిపిస్తే అది 64-బిట్టే. ర్యామ్ పెంచినా, పెన్‌డ్రైవ్ మార్చినా ఈ ఎర్రర్ పోదు.