బ్రేకు లెక్కతో మొదలుపెట్టు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు కట్టబోయే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుకి రాసిన సామాను లిస్టు చూశాను. మోటారు, బ్యాటరీ బాగానే రాశావు గానీ బ్రేకు ఊసే లేదు. ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుకి విడిగా బ్రేకు ఉండదురా. ముందుకు లాగే మోటారే బెల్టు ద్వారా చక్రాన్ని పట్టి ఆపాలి, అప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి పోవాలి. బెల్టు తెగినా, బ్యాటరీ కట్టయినా బ్రేకు పోయినట్టే. ప్రతి పార్టూ ఈ లెక్కతో కొను.

వేగం ముందు కాగితం మీద తేల్చుకో. 170 కేవీ (అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 170 చుట్లు) ఉన్న 6374 సైజు మోటారు, 36 వోల్టుల బ్యాటరీ ప్యాకు: 6,120 ఆర్పీఎం. మోటారుకి 15 పళ్ల పుల్లీ, చక్రానికి 36 పళ్లది పెడితే చక్రం 2,550 తిరుగుతుంది. 83 మి.మీ. చక్రం చుట్టుకొలత 26 సెంటీమీటర్లు, అంటే ఉత్త చక్రానికి గంటకు 40 కిలోమీటర్లు. మనిషి ఎక్కితే 35 దరిదాపుల్లో ఉంటుంది. అంతకు మించి నీకెందుకు?

బ్యాటరీ పది సిరీస్, నాలుగు పారలల్ కట్టు, మొత్తం 40 సెల్స్. శాంసంగ్ 30క్యూ రకం సెల్స్ అయితే 432 వాట్ అవర్స్ వస్తుంది. కిలోమీటరుకు 15 నుంచి 18 తింటుంది గనక పాతిక కిలోమీటర్లు అనుకో. పాత ల్యాప్‌టాప్ సెల్స్ చవగ్గా వస్తాయని ఆశపడకు, అవి ఇంత కరెంటు ఇవ్వలేక కాగిపోతాయి.

ప్యాకు కట్టేటప్పుడు తొందర వద్దు. సెల్‌ని దగ్గర పెట్టుకుని చూడు: పైనున్న పాజిటివ్ బొడిపె చుట్టూ ఉన్న అంచు నెగెటివే, డబ్బా మొత్తం నెగెటివే. అడ్డంగా ఉన్నది పలచని ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే. గతుకుల అదురుడికి, సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ దాన్ని కోసిందంటే నేరుగా షార్టే. అందుకని స్పాట్ వెల్డింగుకి ముందే 40 పాజిటివ్‌లకీ ఫిష్ పేపర్ (కరెంటు పారనివ్వని మందపాటి కాగితం) రింగులు అంటించు. సెల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టనే పెట్టకు. నికెల్ పట్టీ ముక్కని గీకి రాత్రంతా ఉప్పునీళ్లలో వదిలెయ్, తుప్పు పట్టిందంటే అది పూత పూసిన ఇనుము, తిప్పి పంపెయ్. డెక్కు (నిలబడే చెక్క) కాస్త వంగేదైతే, పారలల్‌గా కట్టిన నాలుగేసి సెల్స్ గ్రూపుకీ గ్రూపుకీ మధ్య పట్టీ వద్దు. వంగి వంగి విరుగుతుంది. 12 గేజీ సిలికాన్ వైరు వెయ్.

బీఎంఎస్‌ని (సెల్స్‌ని కాపాడే సర్క్యూటు బోర్డుని) చార్జింగ్ దారిలోనే పెట్టు. బ్యాటరీ నుంచి మోటారుని నడిపే కంట్రోలర్‌కి పోయే దారిలో పెడితే, పల్లంలో నువ్వు బ్రేకు నొక్కినప్పుడే అది కట్టవ్వొచ్చు. వోల్టేజీ పడిపోకుండా వెస్క్ రకం కంట్రోలర్ చూసుకుంటుంది: 34 వోల్టుల దగ్గర శక్తి తగ్గించడం మొదలుపెట్టి 31కి ఆపెయ్యమను. మోటారు కరెంటు 50 యాంప్స్, బ్రేకుకి మైనస్ 40, బ్యాటరీ నుంచి 30, బ్యాటరీలోకి మైనస్ 8. మొదటి వారం మోటారు కరెంటు 25 చాలు, బ్రేకుని మాత్రం తగ్గించకు.

42 వోల్టుల దాకా, అంటే పూర్తిగా, నింపిన బ్యాటరీతో పల్లంలోకి దిగకు. బ్రేకు కరెంటుకి లోపల చోటు ఉండదు, ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటిపోతుంది. మీ కాలనీ గుట్ట మీదే గనక 41 దగ్గర చార్జర్ తీసెయ్.

బెల్టు హెచ్‌టీడీ 5ఎం రకం (పంటికీ పంటికీ 5 మి.మీ. దూరం), 15 మి.మీ. వెడల్పుది తీసుకో. 9 మి.మీ.ది గట్టిగా బ్రేకు వేస్తే పళ్లు దాటేస్తుంది, టకటకమని చప్పుడొస్తే అదే. మోటారు పుల్లీని బిగించే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) షాఫ్టు మీద చదును చేసిన చోటే కూర్చోవాలి. ఇనుముకి ఇనుము బిగించే ప్రతి బోల్టుకీ నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) రెండు చుక్కలు వేసి ఒక రోజు ఆరనివ్వు. ప్లాస్టిక్‌కి తగలనివ్వకు, పగులుతుంది.

ఎక్కేముందు బోర్డుని తిరగేసి చక్రం తిప్పుతూ రిమోట్ ఆపెయ్. చక్రం దానంతటది నెమ్మదించాలి. ఉన్న వేగంతోనే తిరుగుతుంటే ఫెయిల్‌సేఫ్ (రిమోట్ సిగ్నల్ పోతే బోర్డుని ఆపే ఏర్పాటు) సరిగ్గా లేదని అర్థం, అది సరయ్యేదాకా ఎక్కొద్దు. హెల్మెట్, మణికట్టు గార్డుల సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

తర్వాత డబ్బులుంటే 12 సెల్స్ సిరీస్ అంటూ వోల్టేజీ పెంచకు. రెండో వెనక చక్రానికీ మోటారు, బెల్టు, ఇంకో వెస్క్ పెట్టు. ఒక బెల్టు తెగినా రెండోది ఆపుతుంది. మన రోడ్ల మీద 83 మి.మీ. చక్రం కంకర రాళ్లకి తగిలి జారుతుంది, ఇసుక ఉంటే మరీను. 150 మి.మీ. గాలి టైర్లు హాయిగా ఉంటాయి గానీ వేగం పెరిగి లాగుడు, బ్రేకు పట్టు రెండూ తగ్గుతాయి. వాటితో పాటు చక్రం పుల్లీని 60 పళ్లకి మార్చాలి.

వెస్క్ సెట్టింగుల స్క్రీన్‌షాట్ నాకు పంపు, బోర్డు ఎక్కాక కాదు, ఎక్కేముందే.

మీ మావయ్య