మాట మార్చకు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1965 ఏప్రిల్ 24న అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో 1915లో ఒట్టోమన్ టర్కీ తమవాళ్లని లక్షల్లో చంపించినదాన్ని తలుచుకుంటూ అర్మేనియన్లు వీధుల్లోకి వచ్చిన రోజు మీద తెలుగులో కథ రాయాలని నీకెలా తట్టిందో గానీ భలే నచ్చింది. ఒక్క పేచీ ఉంది, ముందు అది చెప్పేస్తా.

మొదటి పేజీలో మారణహోమం అన్నావు, తర్వాత ఊచకోత, ఆపైన నరమేధం, చివర్లో ఘోరకలి. ఒకే మాట మళ్లీ మళ్లీ వాడకూడదని బళ్లో నేర్పారుగా, నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను. ఇక్కడ మాత్రం కుదరదు, అర్మేనియన్ల గొడవంతా జాతిహననం (జెనోసైడ్) అన్న ఒక్క మాట గురించే. ఎన్నికల ముందు ఆ మాట అంటానని చెప్పిన ఒబామా గెలిచాక ఏటా ప్రకటన ఇచ్చి అందులో 'మెద్స్ యెఘెర్న్' అనేవాడు. మహా ఘోరం అని అర్థం, అర్మేనియన్లు ఇళ్లలో వాడుకునే మాటే, అయినా వాళ్లు ఊరుకోలేదు. ఘోరం అంటే వరదలాగా దానంతటదే వచ్చిపడినట్టు ఉంటుంది. జాతిహననం అంటే ఎవరో కూర్చుని అనుకుని చేయించారని. 2015లో, నూరేళ్లు నిండిన రోజున, లాస్ ఏంజెలస్‌లో లక్షకు పైగా జనం టర్కీ కాన్సులేట్ దాకా నడిచింది ఆ తేడా కోసమే. బైడెన్ 2021లో ఆ మాట అన్నాడు. టర్కీ ఇప్పటికీ అనలేదు. కాబట్టి జాతిహననం అని ఒక్కటే పెట్టుకో, పదిసార్లు వచ్చినా ఫర్వాలేదు.

ఏప్రిల్ 24 ఎందుకో కూడా ఒక్క వాక్యంలో చెప్పు. 1915లో ఆ రాత్రి కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ముందు పట్టుకెళ్లింది రాసేవాళ్లని, చదువుకున్నవాళ్లని. వాళ్లలో కవి దానియెల్ వరూజాన్‌కి 31 ఏళ్లు, ఆగస్టులో చంపేశారు.

ఇక నీ జనం 'ఉప్పెనలా' వచ్చారు. ఉప్పెన తీసెయ్. సోవియట్ రోజులు, పిలవకుండా వీధిలోకి రావడమే తెగింపు, అయినా దాదాపు లక్షమంది వచ్చారు. ఒపెరా హాలు లోపల సర్కారువారి సంతాపసభ, బయట కుర్రాళ్లు, చివరికి వాళ్ల మీద ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. నీకు అక్కడే కథ ఉంది, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. నీళ్లోడుతున్న చొక్కాతో ఇంటికొచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి పట్టుకో. తలుపు తీసిన నాయనమ్మ ఎక్కడికెళ్లావని అడగదు, తువ్వాలు ఇస్తుంది. చిన్నప్పుడు తనవాళ్లతో పాటు ఇంట్లోంచి తరిమి సిరియా ఎడారి దాకా నడిపించిన సంగతి ఆవిడ ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

1967లో యెరెవాన్లో త్సిత్సెర్నకాబెర్డ్ కొండ మీద చనిపోయినవాళ్లకి స్మారకం కట్టడంతో ముగించావు, అక్కడ ఆపితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కాలేదుగా. అర్మేనియన్ల మొదటి పత్రిక 1794లో మద్రాసులో అచ్చయిందన్న పేరా కూడా కొట్టెయ్, నాకు తెలియని సంగతి, సరదాగానే ఉంది, కానీ ఇందులో ఇమడలేదు, వేరే వ్యాసం రాసుకో.

ముందు ఆ నాయనమ్మ సీను ఒక్కటే రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, ఆ చిన్నక్షరాలు నాకు ఆనవు.