చెక్‌బుక్ ఎవరి సంచిలో ఉంది?

చిరంజీవి అమ్మాయికి,

సర్పంచ్‌గా గెలిచావు, సంతోషం. కానీ ప్రమాణ స్వీకారం ఫొటోలో కుర్చీలో మీ ఆయన కూర్చుని, నువ్వు పక్కన నిలబడి ఉన్నావు. అది చూశాకే ఈ ఉత్తరం రాయబుద్ధయింది.

అతను మంచివాడే. మీ పెదనాన్నా మంచివారే. పంచాయతీల్లో మహిళలకు సీట్లు కేటాయించిన రాజ్యాంగ 73వ సవరణ తర్వాత 1995లో జరిగిన ఎన్నికల్లో నేను సర్పంచ్‌గా గెలిస్తే, మొదటి ఏడాదంతా పంచాయతీ చెక్‌బుక్ ఆయన సంచిలోనే ఉంది. కాగితాలు ఇంటికొచ్చేవి, వంటింట్లో చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేదాన్ని. ఆడిట్‌లో ఓ బిల్లు తేడా వస్తే సంజాయిషీ నోటీసు మాత్రం నా పేరు మీదే వచ్చింది. ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు మరి!

అందుకని, కాగితం నీ దగ్గరికి రావడం కాదు, నువ్వే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళు. బిల్లు పెడితే తీర్మానం ఏది, అంచనా ఏది, ఎంబీలో, అంటే పనుల కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కాయా అని కార్యదర్శిని అడుగు. తెలియకపోతే చదివి చెప్పమను, సిగ్గేం లేదు. కాలువ కట్టామంటే వెళ్ళి చూసి రా. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకం అడిగితే మటుకు కుదరదని చెప్పు. మన తెలంగాణలో 2018 చట్టం ఉప సర్పంచ్‌కీ చెక్ పవర్, అంటే చెక్కుల మీద సంతకం చేసే అధికారం, ఇచ్చింది కాబట్టి అతనితో గొడవ పెట్టుకోకు, అలాగని లొంగిపోకు.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. ఆడవాళ్ళు వస్తారు, వెనక కూర్చుంటారు, నోరు విప్పరు. నేను కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ముందురోజు మహిళా సంఘం మీటింగ్‌కి వెళ్ళి వాళ్ళ గోడు మొత్తం కాగితం మీద రాసుకునేదాన్ని. మర్నాడు సభలో మొదటి అంశం అదే. ఎప్పుడు రాసుకున్నా మొదట వచ్చేది నీళ్ళే. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద 2004లో వచ్చిన ఒక పరిశోధనలోనూ, మహిళలు పెద్దలుగా ఉన్నచోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయని తేలిందట. బిందె మోసేవాళ్ళని అడిగితే ఆ ముక్క ఎప్పుడో చెప్పేవాళ్ళు.

ఇంకొకటి. ఈ సీటు ఎప్పటికీ మహిళలకే ఉండదు, రిజర్వేషన్ మారుతుంది. నాకు మారినప్పుడు ‘ఇక చాల్లే’ అన్నారు, నేనూ సరేనని ఇంట్లో కూర్చున్నా. జనరల్‌లో నిలబడొచ్చని తెలియక కాదు, అడిగే ధైర్యం చాల్లేదు. నువ్వు నిలబడు.

ముందు క్యాష్‌బుక్ తెప్పించుకుని చూడు. ఏమైనా అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి. మీ ఆయన చేత చేయించకు.

నీ పెద్దమ్మ