ట్రక్కు చక్రం కాలుతోంది, ఏం చేయాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ట్రాక్టర్‌కి నాలుగు చక్రాల ట్రక్కు ఉంది. సీజన్‌లో చెరకు, మిగతా రోజుల్లో ధాన్యం తోలుతాం. ఈ మధ్య వెనక ఎడమ చక్రం హబ్బు (ఇరుసు మీద తిరిగే చక్రం నడిమి భాగం) చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. గ్రీజు కొట్టిస్తూనే ఉన్నా తగ్గడం లేదు. బేరింగు పోయినట్టేనా?
– ఒక రైతు, నిడదవోలు ప్రాంతం

పోయిందో లేదో విప్పితేగాని తెలియదు, కానీ విప్పేదాకా మాత్రం దాని మీద లోడు వేయకండి. తోలి వచ్చాక హబ్బులు కాస్త గోరువెచ్చగా ఉండటం మామూలే, నాలుగూ ఒకేలా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కటే కాలుతోందంటే లోపల ఏదో రాసుకుంటోందన్నమాట.

ముందు ట్రక్కు ఖాళీ చేసి, గట్టినేల మీద నిలబెట్టి, మిగతా చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టండి. జాకీతో లేపాక ఇరుసు కింద స్టాండో గట్టి దిమ్మో తప్పకుండా ఉండాలి, ఒక్క జాకీని నమ్ముకుని కింద కూర్చోవద్దు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపి చూడండి. టకటకమని కదిలితే నట్టు లూజో, బేరింగు అరుగుదలో. తర్వాత చేత్తో తిప్పండి, గరగరమని శబ్దం వచ్చినా, తిరుగుతూ తిరుగుతూ పట్టేసినట్టు ఆగినా విప్పాల్సిందే.

గ్రీజు కొట్టిస్తున్నామన్నారు, ఎక్కడ కొట్టిస్తున్నారు? చాలా ట్రక్కులకి హబ్బు మీద గ్రీజు ఎక్కించే నిపుల్ ఉండదు. గన్నుతో కొట్టేదంతా కమాను (స్ప్రింగు పట్టీల కట్ట) పిన్నులకీ, ముందు చక్రాలు తిరిగే టర్న్‌టేబుల్‌కీ వెళ్తుంది, హబ్బు లోపలికి చుక్క కూడా పోదు. నిపుల్ ఉన్నవాటిలోనూ అదే పనిగా కొడితే లోపల ఒత్తిడి పెరిగి వెనక ఆయిల్ సీలు బయటికి తన్నేస్తుంది, ఇక దుమ్మూ నీళ్లూ పోవడానికి దారి దొరికినట్టే.

అందుకని హబ్ క్యాప్ తీసి, బేరింగులు బయటికి తీసి, పాత గ్రీజంతా డీజిల్‌తో కడిగించండి. తీసిన గ్రీజుని ఒకసారి వేళ్ల మధ్య రాసి చూడండి. పాల మీగడలా తెల్లగా మారి ఉంటే నీళ్లు పోయాయి, గరుగ్గా తగిలితే మట్టి పోయింది, మెరిసే రజను కనిపిస్తే బేరింగు అరుగుతోంది. రోలర్ల మీద చిన్న చిన్న గుంతలున్నా, వేడికి నీలంగా మారినా మార్చేయండి. మార్చేటప్పుడు రోలర్లున్న బేరింగుతో పాటు, అది కూర్చునే, హబ్బులో దిగిన కప్పు (బయటి రింగు) కూడా మార్చాలి, పాత కప్పులో కొత్త బేరింగు వేస్తే డబ్బులు బూడిదలో పోసినట్టే. కడిగిన బేరింగుని కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టే అలవాటు కొన్ని షెడ్డుల్లో ఉంది, అలా చేయనివ్వకండి, రోలరు ఎగిరి కంట్లో పడగలదు.

మళ్లీ బిగించేటప్పుడు అరచేతిలో గ్రీజు వేసుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలి వైపు బయటికొచ్చేదాకా నొక్కి పట్టించాలి. పైపైన పూస్తే చాలదు. వీల్ బేరింగులకి లిథియం గ్రీజు వాడండి, పాతదానిలో వేరే రకం కలపొద్దు. సీలు కొత్తది వేయండి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ, కాస్త బరువుగా తిరిగేదాకా బిగించి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి వదలాలి. చక్రం తేలిగ్గా తిరగాలి, ఊపితే టకటకమనకూడదు. అప్పుడు నట్టు తిరిగి ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కొత్తది పెట్టాలి. మీ హబ్బు కాలడానికి నట్టు మరీ బిగించేయడం కూడా కారణమై ఉండొచ్చు, అది కూడా చూడమనండి.

ఇంకొక్క మాట. లోడు దింపి వస్తూ వస్తూనే ట్రక్కుని కాలవలోకి దించి కడగడం మన దగ్గర మామూలే. వేడిగా ఉన్న హబ్బు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్లని లాక్కుంటుంది. హబ్బు చల్లారేదాకా ఆగండి. ఇరుసు మునిగేంత నీళ్లలోకి దించకపోతే మరీ మంచిది.

ప్రశ్న: ట్రాలీ తగిలించే పిన్ను పోతే మా డ్రైవరు ఇనుప రాడ్డు ముక్క పెట్టి నడుపుతున్నాడు. ఏం కాదంటాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట ప్రాంతం

నిజం కాదు. ఈరోజే ఆపించండి. లోడుతో గతుకుల్లో పడ్డప్పుడు మామూలు రాడ్డు వంగుతుంది, పైకి లేచి ఊడిపోతుంది. మందపాటి అసలు పిన్ను, అది పైకి లేవకుండా కింద క్లిప్పు, రెండూ ఉండాలి. డ్రాబార్ (ట్రాలీని ట్రాక్టర్‌కి కలిపే ముందు కడ్డీ) కొస రింగు కూడా చూడండి, గుండ్రటి కన్నం కోలగా సాగిపోయి ఉంటే రింగు మార్పించాలి. పిన్ను ఎప్పుడైనా తెగినా ట్రాలీ ఎదురొచ్చేవాళ్ల మీదికి పోకుండా గట్టి చైను ఒకటి వేయించండి, మలుపుల్లో పట్టేయనంత వదులు ఉంచి.

ట్రాలీని ఎప్పుడూ కిందున్న హుక్కుకే తగిలించాలి. బురదలో దిగబడినప్పుడు ట్రాక్టర్ వెనక పై లింకు దగ్గరో, ఇరుసు కన్నా ఎత్తులోనో గొలుసు కట్టి లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది, డ్రైవరుకి దూకే టైము కూడా ఉండదు. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడల్స్ కలిపి లాక్ చేయాలి, ఒక్కటే తొక్కితే ఒక చక్రమే ఆగి బండి పక్కకి లాగేస్తుంది. దిగుడులో న్యూట్రల్ వద్దు. పిల్లల్ని డ్రాబార్ మీద కూర్చోబెట్టుకుని తిప్పడం చూస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

ప్రశ్న: ఎరువులు తోలే ట్రక్కు అడుగు రేకు తినేసింది. కొత్తది వేయిస్తే ఎలా కాపాడుకోవాలి? వానాకాలమంతా ట్రక్కు బయటే ఉంటుంది.
– ఒక రైతు, నంద్యాల

యూరియా, డీఏపీ పొడి తేమని పట్టుకుని రేకుని తినేస్తుంది. దింపిన రోజే ఊడ్చి, నీళ్లతో కడిగి ఆరనివ్వండి. మూలల్లో, వెనక డోరు బందుల దగ్గర ఇరుక్కున్నది పుల్లతో గీకి తీయాలి. తుప్పు కనిపించిన చోట బ్రష్‌తో రుద్ది, తుప్పు ఆపే రెడాక్సైడ్ పూత వేసి పైన పెయింటు వేయించండి, రేకు కింది వైపు కూడా. నిలబెట్టేటప్పుడు వెనక్కి కొంచెం వాలుగా ఉంచి డోరు తీసేస్తే వాన నీళ్లు నిలవవు. నెలలకొద్దీ కదలదనుకుంటే ఇరుసుల కింద దిమ్మలు పెట్టి టైర్ల మీద బరువు తీసేయండి. మళ్లీ రోడ్డెక్కేముందు టైర్లలో గాలి, చక్రాల నట్లు, కమాను కట్టల యూ బోల్టులు, వెనక రిఫ్లెక్టర్లు ఒకసారి చూసుకోండి.

మీది హైడ్రాలిక్ తొట్టి అయితే, లేపి కింద కడిగేటప్పుడూ పెయింటు వేసేటప్పుడూ గట్టి ఇనుప ఊత పెట్టకుండా ఎవరినీ కిందికి పోనివ్వకండి. గొట్టం పగిలినా, ఎవరైనా పొరపాటున లివరు తగిలించినా తొట్టి ఒక్కసారిగా దిగిపోతుంది. లేపేముందు పైన కరెంటు తీగలున్నాయేమో కూడా చూసుకోండి.